రౌటరుద్వారా ఐపీ చిరునామాల స్వయంవితరణము

కార్యాలయమునందు గాని, కళాశాలయందు గాని, గృహమునందు గాని ఒకే నెట్‌వర్కునకు చేరిన కంప్యూటర్లు, ఫోనులు, ప్రింటర్లు మొదలగు యంత్రములకు, మనుష్యప్రయత్న మవసరము లేకుండ, రౌటరు తానే ఐపీ చిరునామాలను, వానితోపాటు నెట్‌వర్కు వ్యవహారమునకు వలయు తక్కిన వివరములను నియతకాలమునకు ఒసగు పద్ధతికి చిరునామాల స్వయంవితరణ మని పేరు. దీనిని నడపు నియమావళి డైనమిక్ హోస్ట్ కాన్ఫిగరేషన్ ప్రోటోకాల్; వాడుకలో డీహెచ్‌సీపీ. గృహములలో వాడు వైఫై రౌటర్లయందు ఇది కర్మాగారమునుండి వచ్చునప్పటికే పనిచేయు స్థితిలో నుండుటచే, దీని యునికి నెరుగకయే అసంఖ్యాకులైన జనులు అనుదినము దీని ఫలము ననుభవించుచున్నారు. ఇది చెడిననాడే దీని పేరు వినవచ్చును.

నెట్‌వర్కులో చేరదలచిన ప్రతి యంత్రమునకు కనీసము నాలుగు సంగతులు తెలిసియుండవలెను. తన చిరునామా యేదో, ఆ చిరునామాలో నెంతభాగము నెట్‌వర్కును సూచించునో తెలుపు సబ్‌నెట్ మాస్కు ఏదో, పొరుగు దాటి బయటికి పోవలసిన ప్యాకెట్టును ఏ గేట్‌వేకు అప్పగింపవలెనో, పేరు చెప్పగా దానికి తగిన సంఖ్యను తెలుపు డీఎన్‌ఎస్ సర్వరు ఎచ్చట నున్నదో అను నీ నాల్గింటిలో ఏది తప్పినను, తప్పినదానికి తగినట్లుగనే లోపము పొడసూపును. మాస్కు తప్పినచో పొరుగు యంత్రములలో కొన్ని దొరకి కొన్ని దొరకక వింత పుట్టించును. గేట్‌వే లోపించినచో గదిలోని ప్రింటరు పలుకును గాని ఇంటర్నెట్ పలుకదు. డీఎన్‌ఎస్ తప్పినచో సంఖ్యతో పిలిచిన సర్వరు బదులిచ్చును, పేరుతో పిలిచినది బదులీయదు. అన్నింటికంటె పెద్దచిక్కు, రెండు యంత్రములకు పొరపాటున ఒకే చిరునామా నిచ్చుటచే వచ్చును. అప్పుడు రెండును ఆగి ఆగి పనిచేయుచు, లోపము దేనియందున్నదో తెలియనీయక నిర్వాహకుని విసిగించును. పది యంత్రము లున్నచోట ఈ వివరములను చేతితో నింపి పుస్తకమున నమోదు చేసికొనుట సాధ్యమే. వంద యున్నచోట అదియే యొక యుద్యోగము. యంత్రములు జనుల జేబులలో నుండి గంటగంటకు వచ్చి పోవుచున్న నేటికాలమున అది యసాధ్యము.

చిరునామాల కొరతయు ఈ పద్ధతికి బలము చేకూర్చినది. 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ సంపాదకత్వమున వెలువడిన ఐపీ నాల్గవ రూపము చిరునామాకు 32 బిట్ల నిచ్చెను; అనగా ప్రపంచమున కంతటికి సుమారు 429 కోట్ల చిరునామాలు మాత్రమే. వీనిలో విడిగా మిగిలియున్న చివరి ఖండములను 2011 ఫిబ్రవరి 3వ తేదీన ఐదు ప్రాంతీయ సంస్థలకు పంచివేయగా, కేంద్రభాండారము శూన్యమైనది. అంతకు చాల ముందే, 1996 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అను పత్రము, ఎవరైనను తమ ప్రాంగణమున స్వేచ్ఛగా వాడుకొనదగిన మూడు శ్రేణులను ప్రత్యేకించి యుంచెను. 10తో మొదలగునది మొదటిది, 172.16 మొదలు 172.31 వరకు గలది రెండవది, 192.168తో మొదలగునది మూడవది. గృహములలోని రౌటర్లు పంచిపెట్టు చిరునామాలు ప్రాయికముగా ఈ మూడవ శ్రేణికి చెందినవి. బయటిప్రపంచమునకు ఇల్లంతయు ఒకే చిరునామాతో కనబడును. లోపలి యంత్రముల చిరునామాలను ఆ యొక్కదానిగా మార్చి పంపుపని కూడ రౌటరుదే.

పూర్వరూపములు : తన పేరు తనకే తెలియని యంత్రము ఆ సంగతిని ఎవరి నడుగవలెను, ఎట్లడుగవలెను అను ప్రశ్న డిస్కులేని కంప్యూటర్లతో పుట్టినది. 1980 ప్రాంతముల విశ్వవిద్యాలయములలో వాడిన ఇట్టి యంత్రములు, కరెంటు పెట్టగానే తమ ఆపరేటింగ్ సిస్టమును సయితము నెట్‌వర్కు మీదినుండియే తెచ్చుకొనవలసి యుండెను. 1984 జూనులో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము వారు ప్రతిపాదించిన రార్ప్ అను పద్ధతిలో యంత్రము తన హార్డ్‌వేరు సంఖ్యను చాటగా, ఎరిగిన సర్వరు దాని ఐపీ చిరునామాను తెలుపుచుండెను. ఐనను ఆ పలుకు రౌటరును దాటి పోజాలకపోవుటచే ప్రతి నెట్‌వర్కు ఖండమునందును ఒక సర్వరు నుంచవలసి వచ్చెను. అదియుగాక చిరునామా తప్ప మాస్కును గాని గేట్‌వేను గాని అది చెప్పనేరదు. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ అను నిరువురు రచించిన బూట్‌పీ ఈ రెండు కొరతలను తీర్చెను. అది యూడీపీ ప్యాకెట్టులలో ప్రయాణించుటచే రౌటరు దానిని ముందునకు సాగనంపగలదు. చిరునామాతోపాటు ఏ ఫైలును తెచ్చుకొని మేల్కొనవలెనో కూడ చెప్పగలదు. కాని బూట్‌పీ సర్వరునందు ఏ హార్డ్‌వేరు సంఖ్యకు ఏ చిరునామాయో నిర్వాహకుడు ముందుగా పట్టిక వ్రాసి యుంచవలెను. పట్టికలో లేని యంత్రమునకు ప్రవేశము లేదు. ఒకసారి ఇచ్చిన చిరునామా ఆ యంత్రము మూలపడినను తిరిగి రాదు.

ఈ చివరి లోపమును సవరించుటయే డీహెచ్‌సీపీ యొక్క పరమప్రయోజనము. అమెరికాలోని బక్‌నెల్ విశ్వవిద్యాలయాచార్యుడు రాల్ఫ్ డ్రోమ్స్ రచించిన తొలిపత్రము 1993 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 1531గా వెలువడెను. ముద్రణకు సిద్ధపరచునెడ దొరలిన తప్పులను దిద్ది, ఆ నెలలోనే దానిని 1541 అను సంఖ్యతో మరల ప్రకటించిరి. 1997 మార్చినాటి ఆర్‌ఎఫ్‌సీ 2131 నేటికిని ప్రమాణగ్రంథము. డ్రోమ్స్ క్రొత్త లిపిని సృష్టింపలేదు; బూట్‌పీ సందేశపు చట్రమునే గైకొని, దాని తుది భాగమున ఐచ్ఛికాంశములకు స్థానము పెంచి, అందు తన భావములను నింపెను. ఆ భాగపు మొదట నుండు 99, 130, 83, 99 అను నాలుగంకెల గురుతు బూట్‌పీ కాలము నాటిది. నేడు ప్రతి ఫోనును పంపు ప్రతి డీహెచ్‌సీపీ సందేశమునందును అది చెక్కుచెదరక యున్నది. పాతదానిని తోసివేయక దానిపైననే కట్టుట ఈ నియమావళి శీఘ్రవ్యాప్తికి ముఖ్యకారణ మని చెప్పవచ్చును. అప్పటికే బూట్‌పీని సాగనంప నేర్చిన రౌటర్లకు క్రొత్తగా నేర్పవలసినది స్వల్పమే. 1994లో వెలువడిన విండోస్ ఎన్‌టీ 3.5 సర్వరునందు, మరుసటి యేట వచ్చిన విండోస్ 95 నందు ఇది చేరుటతో కార్యాలయములకు ప్రాకెను.

నాలుగు మాటల సంభాషణ : చిరునామా లేని యంత్రము చిరునామా నడుగుట ఎట్లను చిక్కును ఈ నియమావళి విప్పిన తీరు చూడదగినది. క్లయింటు, అనగా చిరునామా నడుగు యంత్రము, తన చిరునామా స్థానమున నాలుగు సున్నలను, గమ్యస్థానమున 255.255.255.255 అను సర్వజనసంబోధనమును వ్రాసి, ‘ఇచ్చట చిరునామా లిచ్చువా రెవరైన గలరా’ యను నర్థము గల డిస్కవర్ సందేశమును చాటును. ఇది యూడీపీ 68వ పోర్టునుండి 67వ పోర్టునకు పోవును. విన్న సర్వరు, తన భాండారమున విడిగా నున్న యొక చిరునామాను ఎంచి, మాస్కు, గేట్‌వే, డీఎన్‌ఎస్, గడువు మొదలగు వానితో ఆఫర్ అను సందేశమును పంపును. నెట్‌వర్కులో ఇద్దరు ముగ్గురు సర్వరు లుండవచ్చును గావున ఆఫర్లు అనేకములు రావచ్చును. క్లయింటు వానిలో నొకదానిని కోరుకొని రిక్వెస్ట్ పంపును. ఈ కోరికను కూడ అందరికి వినబడునట్లు చాటుట అకారణము కాదు. ఎవరి ఆఫరును అంగీకరించినదో ఆ సర్వరు గుర్తు అందుండుటచే, తక్కిన సర్వర్లు తాము ఎత్తిపెట్టిన చిరునామాలను మరల భాండారమున వేసికొనును. కడపట సర్వరు ఎకనాలెడ్జ్ పంపుటతో ఒప్పందము కుదురును. ఇన్ని మాటలును సాధారణముగా లిప్తకాలమున ముగియును. ఒకే సమయమున పలువురు అడుగుచున్నపుడు ఎవరి జవాబు ఎవరిదో కలగాపులగము గాకుండుటకు, ప్రతి సంభాషణమునకు క్లయింటు తానెంచిన 32 బిట్ల సంఖ్యయొకటి తొలినుండి తుదివరకు తోడుండును.

ఈ నాలుగింటికి బయట మరి కొన్ని సందేశములు కలవు. కోరిన చిరునామా ఇక చెల్లదని సర్వరు తిరస్కరించునది నాక్. ఇచ్చిన చిరునామా ఇదివరకే మరియొకరు వాడుచున్నారని క్లయింటు కనుగొని త్రోసిపుచ్చునది డిక్లైన్. పని ముగిసినదని తిరిగి యప్పగించునది రిలీజ్. వీనిలో రిలీజ్ సిద్ధాంతమున నున్నంతగా ఆచరణమున లేదు. ఫోను చెప్పకయే వెడలిపోవును. లాప్‌టాప్ మూత మూయగానే నిద్రించును. కావుననే గడువు అను భావన ఈ నియమావళికి ప్రాణమైనది.

ధర్మసత్రమున గది నిచ్చునప్పుడు ఇన్నిరోజుల కని వ్రాసికొని ఇచ్చినట్లు, డీహెచ్‌సీపీ సర్వరు చిరునామాను శాశ్వతముగా గాక నియతకాలమునకు లీజుగా నిచ్చును. లీజు కాలములో సగము గడవగానే క్లయింటు తనకు చిరునామా నిచ్చిన సర్వరునే నేరుగా సమీపించి పొడిగింపు కోరును; జవాబు రానిచో వేచియుండి, ఎనిమిదింట ఏడు పాళ్లు గడచినపిదప ఏ సర్వరైనను సరే పొడిగింపుమని అందరిని అడుగును; అప్పటికిని దిక్కులేనిచో గడువు ముగియగానే చిరునామాను విడిచి మరల మొదటినుండి ప్రారంభించును. దీనివలన రెండు లాభములు కలిగెను. చెప్పక వెడలిపోయిన యంత్రపు చిరునామా కాలము తీరగనే తనంతట భాండారమునకు చేరుట మొదటిది. సర్వరు కొన్ని గంటలు మూలబడినను అప్పటికే లీజు పొందినవారికి ఆటంకము లేకుండుట రెండవది. రౌటరు డీహెచ్‌సీపీ చెడినను ఇంటిలో కొందరికి ఇంటర్నెట్ వచ్చుచు, క్రొత్తగా వచ్చిన చుట్టమునకు మాత్రము రాకపోవుటకు కారణ మిదియే. లీజు నిడివి సెకండ్లలో 32 బిట్ల సంఖ్యగా వ్రాయబడును. ఆ స్థానమున గల బిట్లన్నియు ఒకట్లైనచో గడువులేని లీజని అర్థము.

గృహరౌటరునందు అమర్చు విధము : రౌటరునకు రెండు ముఖములు కలవని మొదట గ్రహింపవలెను. వ్యాన్ అనబడు బయటి ముఖమున రౌటరు తానే యాచకుడు; ఇంటర్నెట్ సంస్థ ఇచ్చు చిరునామాను తాను స్వీకరించును. మనదేశమున పలు ఫైబరు సంస్థలు ఈ ముఖమున పేరు, సంకేతపదము గల పీపీపీఓఈ పద్ధతిని వాడుటచే అచ్చటి చిరునామా డీహెచ్‌సీపీతో వచ్చునది కాదు. ల్యాన్ అనబడు లోపలి ముఖమున మాత్రమే రౌటరు దాత. ఈ వ్యాసవిషయ మంతయు ఈ రెండవ ముఖమునకు సంబంధించినది. వ్యాన్ పుటలోని డైనమిక్ ఐపీ అను ఎంపికను చూచి అదియే చిరునామాలు పంచు మీట యని భ్రమించి దానిని మార్చువారు, ఉన్న ఇంటర్నెట్‌ను పోగొట్టుకొందురు.

కంప్యూటరును కేబులుతో రౌటరు ల్యాన్ పోర్టునకు కలిపి, బ్రౌజరులో 192.168.1.1 అనియో 192.168.0.1 అనియో రౌటరు అడుగున అంటించిన చీటీపై నున్న సంఖ్యను వ్రాసి లోనికి పోవలెను. అచ్చట ల్యాన్ అను శీర్షిక క్రిందనో, డీహెచ్‌సీపీ సర్వర్ అను ప్రత్యేకపుటలోనో అమరికలుండును. ముందుగా నిశ్చయింపవలసినది రౌటరు సొంత ల్యాన్ చిరునామా. ఇది స్థిరము, తానే పంచునది గావున తాను ఇంకొకరినుండి పుచ్చుకొనునది కాదు. ఫైబరు సంస్థ వారి పెట్టె లోపల 192.168.1 శ్రేణిని వాడుచుండగా, దాని వెనుక మన రౌటరును వ్యాన్ పోర్టుద్వారా తగిలించి అదే శ్రేణిని లోపల పంచినచో, ఇరువైపుల నొకే నెట్‌వర్కు పేరుండుటచే రౌటరునకు దిక్కుతోచదు. అట్టిచోట మన ల్యాన్‌ను 192.168.50 వంటి వేరు శ్రేణికి మార్చుట కర్తవ్యము.

తరువాత నిశ్చయింపవలసినది పంపకమునకు విడిచిన శ్రేణి, అనగా పూలు. 255.255.255.0 అను మాస్కు గల నెట్‌వర్కునందు 256 సంఖ్యలుండగా, మొదటిది నెట్‌వర్కు పేరునకు, చివరిది సర్వజనసంబోధనమునకు పోగా మిగులునవి 254. వీనినన్నింటిని పూలులో పడవేయుట మంచిది కాదు. రౌటరునకు 1, ప్రింటరు, సీసీ కెమెరాల రికార్డరు, రెండవ వైఫై పెట్టె మొదలగు స్థిరనివాసులకు 2 మొదలు 99 వరకు విడిచి, 100 మొదలు 199 వరకు పూలుగా నియమించుట వివేకము. స్వేచ్ఛాసాఫ్ట్‌వేరైన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ తనంతట 100తో మొదలిడి 150 చిరునామాలను 12 గంటల లీజుపై ఇచ్చునట్లు అమరియుండుటయు ఈ వివేకమునే చూపుచున్నది.

గేట్‌వే గడిలో సాధారణముగా రౌటరు సొంత చిరునామాయే యుండవలెను. డీఎన్‌ఎస్ విషయమున రెండు మార్గములు కలవు. రౌటరు తన చిరునామానే డీఎన్‌ఎస్‌గా చెప్పి, వచ్చిన ప్రశ్నను తాను బయట అడిగి తెచ్చుట యొకటి. గూగుల్ వారి 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1 వంటి బయటి సర్వరును క్లయింట్లకు నేరుగా చెప్పుట రెండవది. రెండవదానిని ఎంచువారు తరచుగా మరచునది యొకటి యున్నది: ఇంటిలోని ప్రింటరు పేరు, కార్యాలయపు లోపలి సర్వరు పేరు బయటివారికి తెలియవు. లోపలి పేర్ల నవసరము గలచోట మొదటి మార్గమే మేలు.

లీజుకాలమును వ్రాయుచోట కొలమానమును చూచి వ్రాయవలెను. కొన్ని రౌటర్లు నిమిషములలో, కొన్ని సెకండ్లలో, కొన్ని గంటలలో అడుగును. ఒకదినమునకు 1440 అని వ్రాయవలసినచోట 86400 వ్రాసిన, ఒప్పుకొను రౌటరు రెండు నెలల లీజు నిచ్చి కూర్చుండును. నిడివి యెంత యుండవలెనను ప్రశ్నకు వచ్చిపోవువారి సంఖ్యయే సమాధానము. అందరు నిత్యము ఉండు ఇంటికి ఒకదినము చాలును. సిస్కో రౌటర్ల సహజమైన అమరికయు అదియే. విండోస్ సర్వరు ఎనిమిది దినములు ఇచ్చును. కదలని బల్లకంప్యూటర్ల కది తగినది. కాని రెండువందల చిరునామాల పూలు గల కల్యాణమండపమున ఒకదినపు లీజు నుంచినచో, ఉదయము ముహూర్తమునకు వచ్చి టిఫిను చేసి వెడలిపోయిన వారి ఫోనులు సాయంకాలపు రిసెప్షనునకు వచ్చినవారి చిరునామాలను ఆక్రమించియే యుండును. వైఫై గురుతు నిండుగా కనబడుచు ఇంటర్నెట్ రాకపోవుటకు అచ్చట కారణము తరచుగా ఇదియే. అట్టి స్థలములలో లీజు గంటకు మించకుండుట, పూలును విస్తరించుట రెండును చేయదగినవి. అమరిక మార్చి భద్రపరచిన వెంటనే పాత క్లయింట్లు మారవు. వానికి పాత లీజు చెల్లుచునే యుండును గనుక వైఫైని ఆపి మరల తగిలించుటయో, విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ ఆజ్ఞకు రిలీజ్, రిన్యూ అనువానిని చేర్చి నడపుటయో చేయవలెను.

ఆజ్ఞలతో నడుచు రౌటర్లు : విద్యాసంస్థలలోను కార్యాలయములలోను గల సిస్కో రౌటర్లయందు ఇదే పనిని పుటలు నింపుటచే గాక ఆజ్ఞలు వ్రాయుటచే చేయుదురు. ముందుగా, పంచకూడని చిరునామాలను తొలగించు ‘ఐపీ డీహెచ్‌సీపీ ఎక్స్‌క్లూడెడ్-అడ్రస్’ అను ఆజ్ఞను 192.168.10.1, 192.168.10.20 అను ఆద్యంతములతో వ్రాయుదురు. ఇది పూలు వెలుపల వ్రాయవలసిన యాజ్ఞ. దీనిని పూలు కంటె ముందు వ్రాయుట మంచి యలవాటు, ఏలయన వెనుక వ్రాసినచో ఆ మధ్యకాలమున రౌటరు సర్వరు చిరునామానే యొక ఫోనునకు ఇచ్చివేయవచ్చును. పిదప ‘ఐపీ డీహెచ్‌సీపీ పూల్’ అని యొక పేరు పెట్టి, దాని లోపల నెట్‌వర్కును మాస్కుతో, ‘డిఫాల్ట్-రౌటర్’ అని గేట్‌వేను, ‘డీఎన్‌ఎస్-సర్వర్’ అని పేర్లు చెప్పుదానిని, ‘లీజ్’ అని దినములు, గంటలు, నిమిషముల వరుసలో గడువును వ్రాయుదురు. ‘లీజ్ 0 8’ అనగా ఎనిమిది గంటలు. ఈ పూలును ఏ ఇంటర్‌ఫేసునకును తగిలింప నక్కరలేదు. ప్రశ్న ఏ ఇంటర్‌ఫేసున వచ్చినదో దాని చిరునామాను బట్టి తగిన పూలును రౌటరు తానే యెన్నుకొనును. తత్కారణముననే ఆ ఇంటర్‌ఫేసు చిరునామా పూలు నెట్‌వర్కులోనిది కానిచో, ఆజ్ఞలన్నియు ఒప్పుగానున్నను ఒక్కరికిని చిరునామా అందదు. విద్యార్థులు గంటలకొలది వెదకు లోపములలో ఇది యొకటి.

సిస్కో రౌటరు చిరునామాను ఇచ్చుటకు ముందు దానికి రెండు పింగులు పంపి, బదులు వచ్చినచో అది పరుల యధీనమున నున్నదని యెంచి ప్రక్కన పెట్టును. ఇట్లు ప్రక్కన పెట్టినవానిని ‘షో ఐపీ డీహెచ్‌సీపీ కాన్‌ఫ్లిక్ట్’ అను ఆజ్ఞతోను, ఇచ్చినవానిని ‘షో ఐపీ డీహెచ్‌సీపీ బైండింగ్’ అను ఆజ్ఞతోను చూడవచ్చును. మొదటి పట్టికను నిర్వాహకుడు తుడువనిదే అందలి చిరునామాలు తిరిగి పంపకమునకు రావు గావున, పూలు అకారణముగా కుంచించుకొనిపోయినట్లు తోచినప్పుడు మొదట చూడదగిన దదియే.

ప్రత్యేకించి యుంచుట : ప్రింటరు చిరునామా దినదినమును మారినచో దానిని వాడువారికి కష్టము. దీనికి ప్రింటరునందే చిరునామాను చేతితో వ్రాయుట పాతపద్ధతి. రౌటరునందు, ఫలాని హార్డ్‌వేరు సంఖ్య గల యంత్రమునకు ఎల్లప్పుడు ఫలాని చిరునామానే ఇమ్మని రిజర్వేషను వ్రాయుట మేలైన పద్ధతి. రెండవదానియందు లెక్కలన్నియు ఒక్కచోట నుండును. రేపు గేట్‌వే మారినను, డీఎన్‌ఎస్ మారినను ప్రింటరు వద్దకు పోయి చిన్నతెరపై బొత్తాములు నొక్కవలసిన పని యుండదు. సిస్కోయందు క్లయింటు గుర్తును వ్రాయునప్పుడు హార్డ్‌వేరు సంఖ్యకు ముందు ఈథర్నెట్‌ను తెలుపు 01 అను అంకెలు చేర్పవలెను. మరచినచో రిజర్వేషను మూగవోవును. ఇటీవల ఈ పద్ధతికి క్రొత్త యిబ్బంది వచ్చినది. వ్యక్తుల గోప్యతకొరకు 2019 నాటి ఆండ్రాయిడ్ 10, 2020 నాటి ఐఓఎస్ 14 మొదలుకొని ఫోనులు ప్రతి వైఫైకి ఒక కల్పితమైన హార్డ్‌వేరు సంఖ్యను చూపుచున్నవి. ఫోనునకు రిజర్వేషను కావలెననువారు ఆ యొక్క వైఫై వరకు ఈ ముసుగును తీసివేయవలెను.

రౌటరు దాటి అడుగుట : సర్వజనసంబోధనములు రౌటరును దాటవు. నలువది విభాగములకు నలువది నెట్‌వర్కులు గల సంస్థలో నలువది సర్వరుల నుంచుట అనుచితము గావున, రిలే అను మధ్యవర్తిని నియమించిరి. క్లయింటు చాటిన పలుకును విన్న రౌటరు, తాను విన్న ఇంటర్‌ఫేసు చిరునామాను అందొక గడిలో వ్రాసి, దూరముననున్న సర్వరునకు నేరుగా పంపును; ఆ గడిని చూచి సర్వరు, అడిగినవా రే విభాగమువారో గ్రహించి తగిన పూలునుండి ఇచ్చును. సిస్కోయందు దీనికి ఆజ్ఞ ‘ఐపీ హెల్పర్-అడ్రస్’. దీనిని క్లయింట్ల వైపునగల ఇంటర్‌ఫేసుపై వ్రాయవలెను గాని సర్వరు వైపున గాదు.

లోపములు, వాని గుర్తులు : యంత్రమున 169.254తో మొదలగు చిరునామా కనబడినచో, అడిగిన ప్రశ్నకు ఏ సర్వరును బదులీయలేదనియు, విసిగిన యంత్రము తానే యొక చిరునామాను కల్పించుకొన్నదనియు తెలిసికొనవలెను. విండోస్ 98తో వ్యాప్తికి వచ్చిన ఈ యలవాటునకు 2005 మేలో ఆర్‌ఎఫ్‌సీ 3927 ప్రమాణరూప మిచ్చెను. కేబులు ఊడుట, పూలు నిండుట, రౌటరులో డీహెచ్‌సీపీ ఆగుట దీనికి ముఖ్యకారణములు.

ఇంతకంటె చిక్కయినది దాతలు ఇద్దరగుట. వైఫై అందని గదికొరకు రెండవ రౌటరును కొని, దాని ల్యాన్ పోర్టును మొదటిదాని ల్యాన్ పోర్టునకు కలిపినవారి ఇంటిలో ఇది సర్వసాధారణము. రెండును డిస్కవర్‌ను వినును. రెండును ఆఫర్ నిచ్చును. ముందు చేరినది గెలుచును. రెండవదానిని నమ్మి దానిని గేట్‌వేగా గైకొన్న యంత్రమునకు బయటికి దారి యుండదు, ఏలయన దాని వ్యాన్ పోర్టునకు ఏమియు తగిలింపబడలేదు. కొందరికి వచ్చి కొందరికి రాని, నేడు వచ్చి రేపు రాని ఈ వింతకు ఇంటర్నెట్ సంస్థను నిందించుట నిష్ప్రయోజనము. రెండవ రౌటరులో డీహెచ్‌సీపీని ఆపి, దాని ల్యాన్ చిరునామాను మొదటిదాని శ్రేణిలో పూలు వెలుపల, 192.168.1.2 వంటి సంఖ్యకు మార్చినచో అది కేవలము వైఫై పెట్టెగా చక్కగా పనిచేయును. పలు రౌటర్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ అను మీట ఈ పనినే చేయును.

విశ్వాసమే మూలధనముగా గల కాలమున పుట్టుటచే, ముందు బదులిచ్చినవానిని నమ్ముట ఈ నియమావళి స్వభావము. దీనికి మించిన బలహీనత దీనియందు లేదు. దుర్బుద్ధి గలవాడు నెట్‌వర్కులో కూర్చుండి తన యంత్రమునే గేట్‌వేగా, తన డీఎన్‌ఎస్‌నే డీఎన్‌ఎస్‌గా చెప్పి యితరుల రాకపోకల నన్నింటిని తన గుండా నడిపించుకొనవచ్చును. లేదా వేలకొలది కల్పిత హార్డ్‌వేరు సంఖ్యలతో అడిగి పూలును ఎండగొట్టవచ్చును. 2001లో ప్రకటించిన ఆర్‌ఎఫ్‌సీ 3118 సందేశములకు ముద్రవేయు పద్ధతిని సూచించినను, ప్రతి యంత్రమునకు ముందుగా రహస్యసంకేతము నీయవలసి యుండుటచే అది ఆచరణకు రాలేదు. ఏ శ్రమను తప్పించుటకై డీహెచ్‌సీపీ పుట్టెనో ఆ శ్రమనే అది మరల తలకెత్తెను. ఆచరణలో నిలిచిన రక్షణ స్విచ్చిలయందలి డీహెచ్‌సీపీ స్నూపింగ్. సర్వరున్న పోర్టును నమ్మదగినదిగా గుర్తించి, తక్కిన పోర్టులనుండి ఎవరైన ఆఫర్ పంపినచో స్విచ్చి దానిని అచ్చటనే త్రుంచివేయును. విద్యార్థులు తమ తమ రౌటర్లను తెచ్చి గోడలోని పోర్టులకు తగిలించు వసతిగృహములలో ఇది తప్పనిసరి. 2024 మేలో టన్నెల్‌విజన్ అను పేర బయల్పడిన లోపము, 121వ ఐచ్ఛికాంశముద్వారా క్రొత్త దారులను చెప్పి, వీపీఎన్‌లో పోవలసిన రాకపోకలను బయటికి మళ్లింపవచ్చునని చూపెను. ఆండ్రాయిడ్ ఆ యంశమును పట్టించుకొనదు గనుక దానికి తగులలేదు.

ఐపీ ఆరవ రూపమున పరిస్థితి భిన్నము. అందు చిరునామాకు 128 బిట్లు గలవు గావున పొదుపు చేయవలసిన అగత్యము లేదు. రౌటరు నెట్‌వర్కు పూర్వభాగమును మాత్రము చాటగా, ఉత్తరభాగమును యంత్రము తానే కూర్చుకొనును. ఎవరి కేది ఇచ్చితినను లెక్క రౌటరునకు అక్కరలేదు. లెక్క కావలయు సంస్థలకొరకు డీహెచ్‌సీపీ యొక్క ఆరవ రూపము 2003 జూలైలో ఆర్‌ఎఫ్‌సీ 3315గా వెలువడి, 2018 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 8415గా సంస్కరింపబడినది. దాని పోర్టులు 546, 547. గృహరౌటరునకు దానివలన నిజమైన యుపయోగము వ్యాన్ వైపున నున్నది: ఇంటర్నెట్ సంస్థ రౌటరునకు ఒక్క చిరునామాను గాక, ఇల్లంతటికి పంచుకొనదగిన పూర్వభాగమునే అప్పగించుటకు అది సాధనము.

నాల్గవ రూపమునకు సంబంధించినంతవరకు నియమావళి 1997 తరువాత మౌలికముగా మారలేదు. మారినవి దానిని నడపు సాఫ్ట్‌వేర్లు. చిన్నరౌటర్లలో సైమన్ కెల్లీ రచించిన డీఎన్‌ఎస్‌మాస్క్ విరివిగా వాడబడుచున్నది. పెద్దసంస్థలలో చిరకాలము వాడబడిన ఐఎస్‌సీ డీహెచ్‌సీపీ సర్వరు పోషణను దాని నిర్మాతలైన ఇంటర్నెట్ సిస్టమ్స్ కన్సార్టియమ్ వారు 2022 తుదిలో విరమించి, దాని స్థానమున కియా అను క్రొత్త సర్వరును నిలిపిరి.